ఫై ఎక్స్ 174లో అడినిన్, థైమిన్ ఎందుకు సమానం కావు?

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ విద్యార్థిని. వెయ్యి క్షార జతలున్న డీఎన్ఏలో సైటోసిన్ 22 శాతమైతే అడినిన్‌లు ఎన్ని, హైడ్రోజన్ బంధాలు ఎన్ని అన్న లెక్కకు నాకు 280, 1220 వచ్చాయి. జవాబుల పట్టికలో 560, 2440 అని ఉంది. ఇదిలా ఉండగా, ఫై ఎక్స్ 174 అనే వైరస్‌లో అడినిన్ 25, థైమిన్ 33, గ్వానిన్ 24, సైటోసిన్ 18 శాతమని మరోచోట చదివాను. మరి డీఎన్ఏలో అడినిన్ థైమిన్‌కూ, గ్వానిన్ సైటోసిన్‌కూ సమానమనే చార్గాఫ్ నియమం ఏమైనట్లు?

మొదటి సమాధానం: మీ శాతాలు సరైనవే. సైటోసిన్ 22 అయితే గ్వానిన్ కూడా 22, మిగిలిన 56లో అడినిన్, థైమిన్ చెరి 28. పొరపాటు జరిగిందల్లా వెయ్యి జతలను వెయ్యి క్షారాలుగా తీసుకోవడంలో. జత అంటే రెండు క్షారాలు కనుక మొత్తం 2000. అందులో 28 శాతం 560. అడినిన్, థైమిన్ జతలు 560, ఒక్కోదానికి రెండు బంధాల చొప్పున 1120. గ్వానిన్, సైటోసిన్ జతలు 440, మూడేసి చొప్పున 1320. రెండూ కలిపితే 2440. ఇంటర్‌లో నేనూ ఇక్కడే మార్కులు పోగొట్టుకున్నాను.

రెండవ సమాధానం: వైరస్ సంగతి నేను చెబుతాను. చార్గాఫ్ 1950 ప్రాంతంలో గమనించిన సమానత్వానికి కారణం 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన నమూనాతో తేటపడింది: డీఎన్ఏలోని రెండు పోచల్లో (పొడవైన గొలుసుల్లో) ఒకదానిలోని ప్రతి అడినిన్‌కు ఎదుటి పోచలో ఒక థైమిన్ ఉంటుంది. 5386 న్యూక్లియోటైడ్లున్న (ఒక్కోదానిలో ఒక క్షారం ఉంటుంది) ఫై ఎక్స్ 174 వైరస్ రేణువులో ఉన్నది ఒకే పోచ కాబట్టి అక్కడ ఎదురు జతే లేదు. నిజానికి ఆ అంకెలు సమానంగా లేకపోవడమే, 1959లో శాస్త్రవేత్త సిన్‌షైమర్ దాన్ని ఏకపోచ డీఎన్ఏగా గుర్తించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఒకటి. వైరస్ ఇ. కొలై (E. coli) అనే బాక్టీరియాలోకి ప్రవేశించాక మాత్రం దానికి పూరక పోచ తయారవుతుంది. అప్పుడు రెండు పోచలనూ కలిపి అడినిన్ ఎంత శాతమో మీరే లెక్కకట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. కొత్త పోచలో అడినిన్ 33, థైమిన్ 25 అవుతాయి. కాబట్టి రెండు పోచల సగటు 25, 33ల మధ్య 29. అలాగే గ్వానిన్, సైటోసిన్ చెరి 21. సరేనా?

రెండవ సమాధానం ఇచ్చినవారు: సరిపోయింది. ఇంకొకటి గమనించారా? గ్వానిన్, సైటోసిన్‌ల మొత్తం ఒక్క పోచలోనూ 42 శాతమే, రెండు పోచల్లోనూ 42 శాతమే. అందుకే ఆ మొత్తం అడిగిన ప్రశ్నల్లో పోచలెన్నో చెప్పకపోయినా జవాబు మారదు.