గ్యాస్ మాత్రతో కిడ్నీలు పోతాయని చదివి అమ్మ మందులు ఆపేసింది, ఎవరికైనా అనుభవం ఉందా?

నిద్రపట్టనివాడు:
అమ్మకి 67. షుగర్, బీపీ చాలా ఏళ్ళుగా ఉన్నాయి. గుండె కోసం ఆస్పిరిన్, దానితోపాటు పొద్దున పరగడుపున పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర వేసుకుంటుంది. పోయిన వారం ఫోన్లో ఎవరో పంపిన ముక్క చదివింది, "రోజూ గ్యాస్ మాత్ర మింగేవాళ్ళ కిడ్నీలు దెబ్బతింటాయని పరిశోధనలో తేలింది" అని. అంతే, ఆ పూటే ఆపేసింది. నాలుగో రోజుకి ఛాతీలో మంట, రాత్రంతా కూర్చునే ఉంది, పక్కన నేను. ఇది చాలదన్నట్టు డాక్టరు గారు కిందటి నెల కిడ్నీకి మంచిదని కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. మూడు వారాలకి టెస్టు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే అంకె) 1.3 నుంచి 1.5 అయింది. "మంచి చేసే మందు వేసుకుంటే ఎక్కడైనా పెరుగుతుందా" అని దాన్నీ పక్కన పెడతానంటోంది. అపాయింట్‌మెంట్ ఇంకా పది రోజులుంది. నాకు టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫార్మసీకౌంటర్:
నేను డాక్టర్ని కాను, మందుల కౌంటర్ వెనక పదిహేనేళ్ళుగా నిలబడుతున్నదాన్ని. పది రోజులు ఆగకుండా క్లినిక్‌కి ఫోన్ చేసి ఈ రెండు విషయాలూ చెప్పండి, అది మొదటి పని.

ఇక ఆ వార్త. పుకారేం కాదు, దానికి మూలం ఉంది. 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే పత్రికలో వచ్చింది, గ్యాస్ మాత్రలు వాడేవాళ్ళలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించిందని. కానీ అది జనం ఆరోగ్య వివరాలు ఏళ్ళ తరబడి గమనించి కట్టిన లెక్క. అసలు గ్యాస్ మాత్ర ఎవరు వేసుకుంటారు? బరువు ఎక్కువున్నవాళ్ళు, ఇంకో పది రకాల మందులు వాడేవాళ్ళు, నొప్పి మాత్రలు మింగి కడుపు చెడగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళకి కిడ్నీ జబ్బు ఆ మాత్ర వల్ల వచ్చిందా, ఆ మాత్ర అవసరం పడేలా చేసిన ఒంటి పరిస్థితి వల్ల వచ్చిందా అన్నది ఎంత జాగ్రత్తగా లెక్కలు సరిచేసినా పూర్తిగా విడదీయలేం. అది తేలాలంటే లాటరీ తీసినట్టు కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడాలి. అదీ చేశారు. కంపాస్ అనే ట్రయల్‌లో 17,598 మందిని అలా రెండుగా పంచి మూడేళ్ళపాటు చూసి 2019లో ఫలితం ప్రకటించారు. అందులో వాడిన మందు కూడా మీ అమ్మగారిదే, పాంటోప్రజోల్. కిడ్నీ జబ్బు విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాస్త తేడా కనిపించింది పేగు ఇన్ఫెక్షన్లలోనే, మందు వేసుకున్నవాళ్ళలో 1.4 శాతం, వేసుకోనివాళ్ళలో 1.0 శాతం.

అలాగని మాత్రకి క్లీన్ చిట్ ఇచ్చేయకండి. ఈ మందులతో ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్ అనేది అరుదుగా వస్తుంది, అంటే ఒళ్ళు మందు మీద తిరగబడి కిడ్నీ లోపల వాపు రావడం. అది నిజం. మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో జ్వరం, నీరసం, క్రియాటినిన్ పెరగడం ఉంటే డాక్టర్లు దాని గురించి ఆలోచిస్తారు. ఇంకో సంగతి, ఎన్నో నెలలు వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ మునుపటికన్నా ఎక్కువగా పొంగుతుంది, మీ అమ్మగారి మంట అదే కావచ్చు. ఆస్పిరిన్ వేసుకుంటున్నారు కాబట్టి ఆ మాత్ర కడుపులో రక్తస్రావం కాకుండా కాపు కాయడానికి రాసి ఉండొచ్చు. "నాకిది ఎందుకు రాశారు, ఇంకా అవసరమా" అని అడగడం మాత్రం ఆవిడ హక్కు.

మూడోస్టేజ్:
డాపా గురించి నేను చెప్తాను, నాలుగేళ్ళుగా వేసుకుంటున్నా, నాకు షుగర్ లేదు. మొదలుపెట్టిన నెలకి నా ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె, 48 నుంచి 43కి పడింది. మా నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టరమ్మ) ముందే చెప్పి ఉండకపోతే నేనూ మీ అమ్మగారిలాగే డబ్బా విసిరేసేవాణ్ణి. మా డాక్టరమ్మ చెప్పింది ఇలా ఉంది. కిడ్నీలో వడపోత జరిగాక గ్లూకోజ్‌నీ సోడియాన్నీ కలిపి వెనక్కి లాక్కునే పంపు ఒకటి ఉంటుంది, ఈ మందు దాన్ని మూసేస్తుంది. సోడియం కిందికి ఎక్కువ చేరేసరికి కిడ్నీ అది గమనించి, వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే నాళాన్ని కొంచెం బిగిస్తుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఆ పూటకి వడపోతా తగ్గుతుంది, కాగితం మీద అంకె చెడుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఆ గుత్తులని చంపేది ఆ ఒత్తిడే. నా 43 ఇప్పుడు 41. ఆ మందుకి ముందు ఏటా నాలుగైదు పాయింట్లు పడిపోయేది.

మామూలుగా మొదట్లో క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగినా చాలామంది డాక్టర్లు మందు ఆపకుండా చూస్తూ ఉంటారట. 1.3 నుంచి 1.5 అంటే పదిహేను శాతమే. అయినా చూడాల్సింది మీ అమ్మగారి డాక్టరే, నేను కాదు.

తల గిర్రున తిప్పే అంకెలు కూడా చెప్పుకుందాం. 2020లో వచ్చిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4,304 మంది. "39 శాతం తగ్గింది" అని పేపర్లన్నీ రాశాయి, చదివితే నూటికి ముప్పై తొమ్మిది మందిని కాపాడినట్టు ఉంటుంది. విడమర్చి చూస్తే, రెండున్నరేళ్ళలో కిడ్నీ బాగా క్షీణించడమో పూర్తిగా పోవడమో, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడమో జరిగింది ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 14.5 శాతానికి, మందు వాళ్ళలో 9.2 శాతానికి. అంటే పందొమ్మిది మంది వేసుకుంటే ఒకరు గట్టెక్కారు. నా దృష్టిలో అది చాలా గొప్ప మందు, కానీ 39 అన్న అంకె విని ఎగిరిన గంతు ఈ లెక్క చూస్తే ఎగరం. ఇదే జాతి మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 6,609 మంది మీద చేసిన ఎంపా-కిడ్నీ ట్రయల్ ఫలితం కూడా 2022లో ఇదే దారిలో వచ్చింది, 28 శాతం తగ్గింది. ట్రయల్‌లో ఎవరిని తీసుకోలేదో కూడా చూడండి. టైప్ 1 షుగర్ వాళ్ళనీ, కిడ్నీల్లో తిత్తులుండే పాలిసిస్టిక్ జబ్బువాళ్ళనీ డాపా-సీకేడీలో చేర్చుకోలేదు. మా తమ్ముడిది అదే జబ్బు, వాడు నా మందు అడిగితే ఇవ్వలేదు.

ఈ మందుల పూర్వీకుడు ఫ్లోరిజిన్, 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులోంచి తీశారు. సందర్భం లేదు, ఊరికే చెప్పాను.

ఫార్మసీకౌంటర్:
@మూడోస్టేజ్ బాగా చెప్పారన్నా. దానికి ఒకటి కలుపుతాను. వాంతులు, విరేచనాలు, తిండి సహించకపోవడం, ఆపరేషన్, ఇలాంటప్పుడు ఈ మందు కొనసాగించాలా వద్దా అని డాక్టర్ని అడిగి తీరాలి. రక్తంలో షుగర్ మామూలుగానే ఉండి కీటోన్లు (ఒళ్ళు కొవ్వు కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగిపోయే ప్రమాదం ఉంది, మీటర్ చూసి బాగానే ఉందనుకుంటాం. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు డాపా ఆపమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది. జననాంగాల దగ్గర ఫంగస్ దురద కూడా వస్తుంది, సిగ్గుపడి చెప్పరు, చెప్పించండి.

పాతగాయం:
నాది వేరే కథ. బీపీకి టెల్మిసార్టన్, కాళ్ళ వాపుకి నీరు లాగే మాత్ర వాడుతున్నా. వెన్నునొప్పికి ఒక చోట చూపించుకుంటే పది రోజులకి డైక్లోఫెనాక్ రాశారు, ఏం మందులు వాడుతున్నావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు, ఇద్దరిదీ తప్పే. తొమ్మిదో రోజుకి మూత్రం తగ్గిపోయింది, క్రియాటినిన్ 1.1 నుంచి 2.6. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి మూడు దెబ్బలట. నొప్పి మాత్ర రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, బీపీ మందు బయటికి తీసుకెళ్ళే నాళాన్ని వదులు చేస్తుంది, నీరు లాగే మాత్ర అసలు ఒంట్లో ఉన్న నీటినే తగ్గిస్తుంది. ఒక్కొక్కటీ విడిగా మంచి మందే. ఆపేశాక 1.4 దగ్గర నిలబడింది, మళ్ళీ 1.1 చూడలేదు.

పిల్లులఇల్లు:
చర్చ దారి తప్పిస్తున్నానేమో, క్షమించండి. మా ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు. వెటర్నరీ డాక్టరు ఫెలైన్ మోర్బిల్లీవైరస్ అని ఒకటుందని చెప్పారు. వైరస్ వల్ల కిడ్నీలు పోతాయా? మనుషులకి అంటుతుందా అని ఇంట్లో గొడవ.

ల్యాబ్‌కోటు:
దారి తప్పలేదు, అసలు దారిలోకే వచ్చారు. ఆ వైరస్‌ని 2012లో హాంకాంగ్ వాళ్ళు పిల్లుల్లో కనిపెట్టారు, తట్టు వైరస్ కుటుంబం. అది ఉన్న పిల్లుల్లో కిడ్నీ వాపు కనిపించిందన్నారు. తర్వాత వేరే చోట్ల చూస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ దొరికింది, కొన్నిచోట్ల సంబంధం కనిపించింది, కొన్నిచోట్ల లేదు. గ్యాస్ మాత్ర కథే, పక్కపక్కన కనిపించడం వేరు, కారణం కావడం వేరు. మనుషులకి దానివల్ల జబ్బు వచ్చినట్టు దాఖలా లేదు. జంతువుల నుంచి వచ్చి మనిషి కిడ్నీని నిజంగా కొట్టే వైరస్ కావాలంటే హాంటా ఉంది. ఎలుకల మూత్రం, పెంట ఎండి లేచిన దుమ్ము పీలిస్తే వస్తుంది. కొరియా యుద్ధంలో వేలమంది సైనికులకి జ్వరం, రక్తస్రావం, కిడ్నీ ఫెయిల్యూర్ వచ్చింది, కారణం ఇరవై ఏళ్ళకి పైగా దొరకలేదు. చివరికి హో వాంగ్ లీ అనే శాస్త్రవేత్త పొలం ఎలుకల్లో పట్టుకుని, అక్కడి హాంటాన్ నది పేరు పెట్టాడు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ రాబందులది. 1990లలో భారత ఉపఖండంలో రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోతుంటే మొదట అంటువ్యాధి అనీ ఏదో కొత్త వైరస్ అనీ అనుమానించారు. కోసి చూస్తే కిడ్నీలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్. 2004లో నేచర్ పత్రికలో అసలు సంగతి వచ్చింది. పశువులకి ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలని చంపుతోంది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో దాన్ని నిషేధించాయి. ఎసిక్లోఫెనాక్ కూడా పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, దాన్ని భారత్ 2023లో గానీ ఆపలేదు. రాబందులకి క్షేమమని తేలిన మెలాక్సికామ్ ఉంది చూశారూ, అదే పిల్లులకి నోటి ద్వారా మళ్ళీ మళ్ళీ ఇస్తే కిడ్నీలు పోతాయని ఎఫ్‌డీఏ హెచ్చరిక ఉంది. మీ ఇంట్లో ఎవరి నొప్పి మందూ పిల్లికి వేయకండి.

అనుమానం:
వైరస్‌లని మీ ల్యాబుల్లో కోతి కిడ్నీల్లోనే పెంచుతారని విన్నాను. అది మాట్లాడరేం?

ల్యాబ్‌కోటు:
మాట్లాడతాం, దాచేదేముంది. నేను రోజూ చేతుల్లోకి తీసుకునే వెరో కణాలు ఆఫ్రికన్ గ్రీన్ మంకీ కిడ్నీవి, 1962లో జపాన్‌లోని చిబా యూనివర్సిటీలో మొదలైన వంశం. అది కణాల వరస, ప్రతిసారీ కొత్త కోతిని కోయరు. పూర్వం కోసేవారు, దానికి ఖరీదు కూడా చెల్లించారు. 1967లో జర్మనీలోని మార్బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలోనూ బెల్‌గ్రేడ్‌లోనూ కోతుల అవయవాలు, వాటి కణాలతో పనిచేసేవాళ్ళకి తెలియని వైరస్ అంటింది. వాళ్ళ నుంచి సోకినవాళ్ళతో కలిపి 31 మందికి జబ్బు, ఏడుగురు చనిపోయారు. మార్బర్గ్ వైరస్ పేరు అలా వచ్చింది. 1955 నుంచి 1963 దాకా పోలియో టీకాల్లో కొన్నింటిలో ఎస్‌వీ40 అనే కోతి వైరస్ కలిసింది, అదీ నిజం. క్యాన్సర్ వచ్చిందా అన్నదానికి 2002లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అవుననడానికీ కాదనడానికీ ఆధారాలు చాలవని రాసింది. ఎస్‌వీ40 బయటపడ్డాక టీకా కోసం వాడే కణాలని వైరస్‌ల కోసం పరీక్షించాకే వాడుతున్నారు. మీకు భయం పెట్టాలంటే మొదటి సగం చెప్పి ఆపేయొచ్చు.

వారానికిమూడుసార్లు:
డయాలసిస్ కుర్చీలోంచి చదువుతున్నా, ఇంకా రెండు గంటలుంది. పంది కిడ్నీ పెడుతున్నారు కదా, దాంట్లో కూడా వైరస్ ఉంటుందంటారు. నాకు ఇస్తామంటే తీసుకోవాలా?

ల్యాబ్‌కోటు:
అన్నా, తీసుకోవాలా అన్నది నేను చెప్పలేను. తెలిసింది చెప్తా. పంది డీఎన్ఏలోనే కొన్ని వైరస్‌లు తరతరాలుగా కలిసిపోయి ఉంటాయి, కడిగితే పోయేవి కావు. అవి గాజు పాత్రలో మనిషి కణాలకి సోకగలవని 1997లో తెలిసింది. మనుషుల్లో ఇప్పటిదాకా సోకిన కేసు నమోదు కాలేదు. 2024 మార్చిలో బోస్టన్‌లో బతికున్న మనిషికి మొదటిసారిగా జన్యువులు మార్చిన పంది కిడ్నీ పెట్టారు, అందులో 69 మార్పులు చేస్తే, వాటిలో 59 ఆ వైరస్‌లని పనిచేయకుండా చేసినవే. ఆయన రెండు నెలలకి చనిపోయారు, కారణం ఆ కిడ్నీ అనడానికి సూచనలేవీ లేవని ఆస్పత్రి ప్రకటించింది. 2025 జనవరిలో అక్కడే ఇంకొకరికి పెట్టింది 271 రోజులు పనిచేసింది, తర్వాత తీసేశారు. నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకో వైరస్, 2022లో పంది గుండె పెట్టించుకున్న ఆయనలో పంది సైటోమెగలోవైరస్ బయటపడింది. ముందు చేసిన పరీక్షల్లో అది దొరకలేదు.

వారానికిమూడుసార్లు:
271 రోజులు. అంటే నూట పదహారు సార్లు ఈ కుర్చీలో కూర్చోనక్కర్లేదు. నాకైతే లెక్క అలా వస్తోంది.

నిద్రపట్టనివాడు:
అందరికీ థాంక్స్. క్లినిక్‌కి ఫోన్ చేశాను. డాపా ఆపొద్దన్నారు, రెండు వారాలకి మళ్ళీ క్రియాటినిన్ చేయించమన్నారు. ఆస్పిరిన్ ఉన్నన్నాళ్ళూ గ్యాస్ మాత్ర ఉండాల్సిందేనట. మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్) పరీక్ష ఇన్నేళ్ళలో ఒక్కసారీ చేయించలేదని అప్పుడు తెలిసింది, రేపు ఇవ్వాలి. అమ్మకి @మూడోస్టేజ్ గారి పోస్టు చదివి వినిపించా, ఆపిల్ చెట్టు దగ్గర కాస్త మెత్తబడింది. @పాతగాయం గారిది చదువుతుంటే మాత్రం లేచి లోపలికెళ్ళి దిండు కింద నుంచి ఒక స్ట్రిప్ తెచ్చి ఇచ్చింది. మోకాళ్ళకట. ఏడాదిగా వేసుకుంటోందట. డాక్టరుకి ఎందుకు చెప్పలేదమ్మా అంటే "అది మందు కాదుగా, నొప్పికి" అంది.

ఫార్మసీకౌంటర్:
స్ట్రిప్ మీద పేరేముంది?

నిద్రపట్టనివాడు:
ఎసిక్లోఫెనాక్. వారానికి నాలుగైదు.

ఫార్మసీకౌంటర్:
రాత్రయినా పర్లేదు, ఇప్పుడే క్లినిక్‌కి మళ్ళీ ఫోన్ చేయండి.