శనివారం క్రాఫ్ట్ రూమ్ తెరవాలా వద్దా? మా యూదుల సీనియర్ హోమ్‌లో తేలని తగువు, మీరేమంటారు?

చార్లెస్_ఒడ్డున

బోస్టన్ శివార్లలో ఒక యూదుల సీనియర్ హోమ్‌లో యాక్టివిటీస్ చూసుకుంటాను. ఇండిపెండెంట్ అపార్ట్‌మెంట్లు, అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో సాయం కావాల్సినవాళ్లకి), మెమరీ కేర్ (డిమెన్షియా ఉన్నవాళ్లకి) మూడూ ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి. ఇప్పుడు మా రెసిడెంట్ కౌన్సిల్ రెండుగా చీలిపోయింది.

సంగతి ఇదీ. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. ఆ టైములో మా కామన్ రూముల్లో రాయడం, కత్తిరించడం, రంగులేయడం, పియానో వాయించడం, డబ్బు ముట్టుకోవడం ఏవీ ఉండవు. క్రాఫ్ట్ రూమ్‌కి తాళం. బింగో లేదు. ఒక లిఫ్ట్ అయితే ఎవరూ బటన్ నొక్కే పని లేకుండా ప్రతి అంతస్తులో దానంతటదే ఆగుతూ వెళ్తుంది. డైనింగ్ హాల్ ఏడాదంతా కోషర్, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారమే వంట, మాంసం, పాలు కలపరు, బయటి తిండి లోపలికి తేకూడదు. ఈమధ్య యూదులు కానివాళ్లు కూడా బాగానే చేరుతున్నారు, యూదుల్లోనూ ఇవేవీ పాటించనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు కలిసి సంతకాలు పెట్టి ఇచ్చారు, శనివారం క్రాఫ్ట్ రూమ్ తెరవండి, డైనింగ్ హాల్లో ఒక మూల బయటి తిండికి వదలండి అని.

నా మాట: తెరవకూడదు. ఎవరి అపార్ట్‌మెంట్‌లో వాళ్లు శనివారం బొమ్మలు గీసుకోవచ్చు, టీవీ పెట్టుకోవచ్చు, పిజ్జా తెప్పించుకోవచ్చు, మేం తలుపు తట్టి అడగం. పదిమందీ కూర్చునే చోట మాత్రం ఆ ఇంటి పద్ధతి నడవాలి. ఈ హోమ్‌లు పుట్టిందే అందుకు. బోస్టన్‌లో ఒకటి 1903లో డోర్చెస్టర్‌లో మొదలైంది, ఈరోజు హీబ్రూ సీనియర్‌లైఫ్ అని పిలిచే సంస్థ అదే. అప్పట్లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన ముసలివాళ్లకి దిక్కులేకపోతే ఊరి ధర్మసత్రమే గతి, అక్కడ వాళ్లు తినగలిగే తిండి ఉండదు, వాళ్ల ప్రార్థన ఉండదు, వాళ్ల భాషలో పలకరించే మనిషి ఉండడు. ఆ మూడూ ఉండే చోటు కావాలనే వీటిని కట్టుకున్నారు. వందేళ్లు దాటాక ఆ మూడిట్లో ఒక్కొక్కటే తీసేస్తూ పోతే, మంచి కార్పెట్లున్న ఇంకో అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మిగులుతుంది.

ఎడిసన్_అల్లుడు

నేను పూర్తిగా అవతలి వైపు. తుంటి విరిగినప్పుడు మా అత్తగారిని న్యూజెర్సీలో ఇలాంటి ఒక హోమ్‌లోనే రిహాబ్‌కి పెట్టాం. ఎక్కడని చెప్పను. ఫిజికల్ థెరపీ బాగా చేశారు, తిండి విషయంలో నిజంగా సుఖం, ఎందుకంటే పాలవంట పెట్టే పూట మాంసం ఆ దరిదాపుల్లోకి కూడా రాదు, గిన్నెలు కూడా వేరు, శాకాహారికి అంతకంటే భరోసా ఏం కావాలి. కానీ శనివారం వస్తే ఆవిడకి నరకం. మేం ఉద్యోగాలు చేసుకునేవాళ్లం వారమంతా రాలేం, సరే శనివారం మనవరాల్ని తీసుకెళ్దాం, ఇద్దరూ కూర్చుని రంగులు వేసుకుంటారు అనుకుంటే, లాంజ్‌లో క్రేయాన్లు బయటికి తీయగానే ఒకావిడ మెల్లగా వచ్చి రూమ్‌కి వెళ్లమంది. మర్యాదగానే చెప్పింది. రూమ్‌లో పక్క మంచం ఆవిడ నిద్రపోతోంది. ఐదేళ్ల పిల్లని ఎంతసేపు కూర్చోబెడతాం?

1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ రిఫార్మ్ చట్టం ఎవరి ఇష్టాయిష్టాల్ని బట్టి వాళ్లకి యాక్టివిటీస్ ఉండాలనే కదా అంటోంది. వారానికి ఒకరోజు మొత్తం తాళం వేసేసి ఇది మా పద్ధతి అంటే ఎలా కుదురుతుంది?

నైట్‌షిఫ్ట్_నర్స్

ఎడిసన్ అల్లుడు గారూ, ఒక చిన్న సవరణ. ఆ ఫెడరల్ రూల్స్ మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లకి. అసిస్టెడ్ లివింగ్‌కి ఏ రాష్ట్రం రూల్స్ ఆ రాష్ట్రానివి. పైగా ఇష్టం అనే మాట రెండు వైపులా కోస్తుంది. షబ్బత్ నాడు కళ్లముందు కత్తెర ఆడకూడదని కోరుకునే తొంభై ఏళ్ల ఆవిడదీ ఇష్టమే.

నేను మెమరీ కేర్‌లో చేస్తాను, మాదీ యూదుల హోమే. ఒక్క సంగతి చెప్తాను. హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల సామూహిక హత్యాకాండ) నుంచి బతికి బయటపడ్డవాళ్లు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు, మా ఫ్లోర్‌లో ఉన్నారు. డిమెన్షియా ముదిరేకొద్దీ దగ్గరి జ్ఞాపకాలు పోయి పాతవి పైకొస్తాయి. నాజీ క్యాంపుల్లో షవర్లని చెప్పే విషవాయువు గదుల్లోకి పంపేవాళ్లు, అందుకే షవర్ కింద నిలబెట్టబోతే ఒంట్లో వణుకు. అందుకని స్పాంజ్ బాత్ చేస్తాం, ముందే నీళ్లు చేతికి తగిలించి చూపిస్తాం. ఒకాయన ప్రతి పూటా బ్రెడ్ ముక్క నాప్కిన్‌లో చుట్టి వాకర్‌కి తగిలించిన సంచిలో దాచుకుంటాడు. మేం పారేయం. ఆయన నిద్రపోయాక పాతది తీసి ఆరోజుది అలాగే చుట్టి పెడతాం, సంచి ఖాళీగా కనిపించిందంటే ఆ రోజంతా ఆయనకి టెన్షన్. ట్రైనింగ్‌లో మాకు ముందు చెప్పేవి ఇవే.

అలాంటాయన శుక్రవారం సాయంత్రం మాత్రం వేరే మనిషి. ఆక్సిజన్ సిలిండర్లుంటాయి కాబట్టి మా దగ్గర కొవ్వొత్తులు బ్యాటరీవే. రొట్టెల మీద గుడ్డ తీయగానే మంత్రం ఆయనే అందుకుంటాడు, ఒక్క అక్షరం పోదు. కొడుకు పేరు మాత్రం గుర్తుండదు. ఆ సాయంత్రాన్ని, మర్నాడు ఉండే ఆ నిశ్శబ్దాన్ని నేను ముట్టుకోనివ్వను.

నిజాంపేట_నుంచి

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. ఇక్కడి సీనియర్ లివింగ్ కమ్యూనిటీల్లోనూ ఇదే తగువు. చాలా చోట్ల డైనింగ్ హాల్ వెజ్ మాత్రమే. మా బాబాయి చేపల కూర లేకుండా అన్నం తినలేడు, అడ్వాన్స్ కట్టేముందు ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాది ఒకటే ప్రశ్న: చేర్చుకునేటప్పుడు మీ హోమ్ వాళ్లు శనివారం సంగతి చెప్తున్నారా? చెప్పి చేర్చుకుంటే సంతకాలు పెట్టడం తప్పు. బ్రోషర్లో ‘అందరికీ స్వాగతం’ అని మాత్రమే వేసి, గదులు నింపుకుని, తర్వాత తాళం చూపిస్తే తప్పు హోమ్‌ది. కోషర్ మాంసం మామూలు దానికంటే ఖరీదు, రెండు సెట్ల గిన్నెలు, వంటగదికి ప్రత్యేకంగా ఒక పర్యవేక్షకుడు. ఆ ఖర్చులో వాటా పాటించనివాళ్లు కూడా నెలనెలా కడుతున్నారు కదా.

చార్లెస్_ఒడ్డున

నిజాంపేట గారూ, చేరేముందు చూడ్డానికి వచ్చినవాళ్లకి చెప్తారు, హ్యాండ్‌బుక్‌లోనూ ఉంది. కానీ చదివేది పిల్లలు, ఉండేది పెద్దవాళ్లు. అక్కడ మీరన్నది నిజం.

ఇక డబ్బు కడుతున్నాం కాబట్టి అనే వాదన. ఈ హోమ్‌లో ఒక మనిషి రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. రోజూ పొద్దున ప్రార్థనకి వయసొచ్చిన యూదులు పదిమంది ఉండాలి, లేకపోతే చనిపోయినవాళ్ల కోసం చదివే కద్దిష్ చదవకూడదు. మాది కన్సర్వేటివ్ అనే యూదు శాఖ పద్ధతి, పేరు అలా ఉన్నా అందులో ఆడవాళ్లనీ లెక్కేస్తారు. మా దగ్గర ఒక రిటైర్డ్ ఫార్మసిస్ట్ ఉన్నాడు. భార్య పోయాక గదిలోంచి బయటికి రావడం మానేశాడు. పెయింటింగ్ క్లాస్ అన్నాం, కుర్చీ యోగా అన్నాం, ఐస్‌క్రీమ్ సోషల్ అన్నాం, దేనికీ కదల్లేదు. ఒక పొద్దున తొమ్మిదిమందే ఉన్నారు, ఎవరో వెళ్లి ఆయన తలుపు కొట్టారు: ఇవాళ ఫలానా ఆవిడ భర్త సంవత్సరీకం, మీరు రాకపోతే ఆవిడ కద్దిష్ చదవలేదు అని. స్లిప్పర్లతోనే వచ్చాడు. ఇప్పుడు అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దేది ఆయనే, రాని మనిషి ఉంటే పై ఫ్లోర్‌కి వెళ్లి పిలిచేదీ ఆయనే. నేను తయారుచేసే రంగురంగుల క్యాలెండర్‌లో ఆయన్ని అంతలా కదిపింది ఇంకోటి లేదు. మీరు వచ్చి ఆనందించండి అంటే రాని మనిషి, మీరు లేకపోతే పని ఆగిపోతుంది అంటే వస్తాడు.

ఇది మా ఒక్క చోటే కాదు. డెడమ్‌లో న్యూబ్రిడ్జ్ ఆన్ ది చార్లెస్ అనే సీనియర్ హోమ్ ప్రాంగణంలోనే రాషీ స్కూల్ ఉంది, యూదుల బడి, ఎనిమిదో తరగతి దాకా. పిల్లలు ఏదో పండక్కి బస్సులో వచ్చి పాట పాడి వెళ్లిపోవడం కాదు, రోజూ పక్కనే ఉంటారు. బ్రాంక్స్‌లో రివర్‌డేల్ హీబ్రూ హోమ్ లోపల ఏకంగా యూదుల కళావస్తువుల మ్యూజియమే ఉంది. ఇలాంటివి నిలబడాలంటే ఆ చోటుకి ఒక తీరు ఉండాలి.

ఎడిసన్_అల్లుడు

ఫార్మసిస్ట్ గారి సంగతి చదివి నాకూ మనసు కదిలింది. కానీ మీ వాదనకి ఎదురు కూడా అందులోనే ఉంది. పదోమనిషి కావాలి అన్నారు. మా అత్తగారు పక్క గదిలోనే ఉన్నా ఆ లెక్కలోకి రాదు. ఆవిడ లేకపోతే ఆగిపోయే పని ఆ బిల్డింగ్‌లో ఒక్కటీ లేదు. పాటించని యూదుడికైనా రేపు మనసు మారితే ఒక కుర్చీ ఉంది. యూదులు కానివాళ్లని డబ్బు తీసుకుని చేర్చుకున్నాక వాళ్లు ఎప్పటికీ చుట్టాల్లా మిగిలిపోవాలా? ఎడిసన్‌లో మనవాళ్ల అడల్ట్ డే కేర్ సెంటర్లు చూడండి, వ్యాన్ ఇంటికొస్తుంది, పప్పు, రోటీ, భజన, క్యారమ్స్, సాయంత్రానికి ఇంటికి. ఫ్లోరిడా టవారెస్‌లో శాంతినికేతన్ అనే రిటైర్మెంట్ కమ్యూనిటీ మనవాళ్ల కోసమే కట్టారు. ఎవరిది వాళ్లకి అయితే ఎవరిది వాళ్లకే అని ముందే చెప్పేయండి. కలిపి ఉంచుతాం అంటే మాత్రం శనివారం ఒక గది తెరవండి. డైనింగ్ హాల్ సంగతి నేను వదిలేస్తున్నా, అది ముట్టుకోవద్దు.

చార్లెస్_ఒడ్డున

ఇది బలమైన మాటే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా దగ్గర ఒక ఐరిష్ క్యాథలిక్ ఆవిడ ఉంది, ఆదివారం జపమాల గుంపు నడుపుతుంది, దానికి రూమ్ ఇచ్చింది మేమే, ఆవిడ లేకపోతే అది ఆగుతుంది. మీ అత్తగారికి అలాంటిది ఒకటి వెతికిపెట్టాల్సిన పని నాలాంటివాళ్లదే, అక్కడ నిజంగా మావైపు లోటుంది.

కానీ శనివారం తాళం ఒక్కటే చూడకండి. షబ్బత్‌లో చేయకూడనివి ఉన్నట్టే చేయదగ్గవీ బోలెడు. వాయిద్యం లేకుండా పాడొచ్చు. చదరంగం ఆడొచ్చు. ఎవరో ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వినొచ్చు, వాదించుకోవచ్చు. వాదన అయితే మా వాళ్లకి భోజనం కంటే ఇష్టం. కథ చెప్తే మీ పాప కూడా వింటుంది. ఆ రోజు స్టాఫ్‌ని తగ్గించి, లాంజ్‌ని ఖాళీగా వదిలేసి దానికి షబ్బత్ అని పేరు పెట్టడం తప్పు. ఈ విషయంలో సంతకాలు పెట్టినవాళ్ల పక్షమే నేను.

ఇంకోటి. డిసెంబర్లో బోస్టన్‌లో సాయంత్రం ఐదుంబావుకల్లా షబ్బత్ అయిపోతుంది. పేనిన కొవ్వొత్తి, లవంగాల వాసన చూపించే డబ్బా, ద్రాక్షరసంతో వీడ్కోలు పలికి, ఆరింటికి క్రాఫ్ట్ రూమ్ తెరవొచ్చు. ఇంతవరకు ఎవరూ తెరవలేదు, ఎందుకంటే శనివారం రాత్రి ఆ గదికి స్టాఫ్ లేరు. అడ్డం మతం కాదు, షిఫ్టు. కౌన్సిల్‌లో ఈ రెండూ పెడుతున్నాను: శనివారం మధ్యాహ్నానికి ఒక మనిషి, చలికాలంలో శనివారం రాత్రికి ఇంకో మనిషి.

నైట్‌షిఫ్ట్_నర్స్

మెమరీ కేర్ వాళ్లని ఆరింటికి కిందికి తీసుకురావద్దు. పొద్దు వాలాక వాళ్లకి కంగారు ఎక్కువవుతుంది, కత్తెరలు, గోల అస్సలు పడవు. వాళ్లకి పైనే, ఆ లవంగాల డబ్బా ఒక్కటి చేతికివ్వండి చాలు. మిగతావాళ్లకి మీ ఆలోచన బాగుంది.

ఎడిసన్_అల్లుడు

చలికాలం సరే. జూన్‌లో చీకటి పడేసరికి తొమ్మిది దాటుతుంది, అప్పుడు ఎవరు మేలుకుని ఉంటారు? ఆ మూడు నెలలకి ఏం చేస్తారో కూడా కౌన్సిల్‌లో రాయించండి, లేకపోతే వచ్చే వేసవికి మళ్లీ ఇదే కాగితం వస్తుంది.