మూత్రసంచి నొప్పి, కింది కండరాల పట్టు ఉన్నవాళ్ళు కెగెల్స్, మూలబంధం చేయాలా, మానాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మూడేళ్ళుగా పొత్తికడుపు కింద పోటు. మూత్రసంచి సగం నిండకముందే పిండేసినట్టు నొప్పి వస్తుంది. వెళ్ళొచ్చాక పది నిమిషాలు కూడా హాయిగా ఉండదు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాను.

మొదట్లో ఇంట్లో అందరూ "వేడి చేసింది" అన్నారు. బార్లీ నీళ్ళు, సబ్జా, మజ్జిగ అన్నీ అయ్యాయి. తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఏడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాను. నాలుగుసార్లు కల్చర్ చేయించాను, నాలుగుసార్లూ ఏ బాక్టీరియా పెరగలేదని వచ్చింది. చివరికి ఒక యూరాలజిస్ట్ సిస్టోస్కోపీ చేసి, అంటే సన్నని కెమెరా గొట్టంతో మూత్రసంచి లోపల చూసి, ఇది ఇన్ఫెక్షన్ కాదు, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అన్నారు. మూత్రసంచిని కింద నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు కూడా పట్టేసి ఉన్నాయన్నారు.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. మా వీధిలో యోగా క్లాసులో చేరాను. కింది కండరాలు బలపడితే అన్నీ సర్దుకుంటాయని ఆరు వారాలు రోజూ మూలబంధం, అశ్వినీ ముద్ర చేయించారు. రెండూ కింద, మలద్వారం దగ్గర కండరాల్ని పైకి బిగించేవే. మూడో వారానికే నొప్పి పెరిగింది. కూర్చుంటే తొడల్లోకి లాగేది. ఓర్చుకుంటే తగ్గుతుందన్నారని ఓర్చుకున్నాను. ఇప్పుడు ఒక ఫిజియో చూసి, "బిగించే వ్యాయామం ఏదీ వద్దు, ముందు వదలడం నేర్చుకోండి" అంటున్నారు. మా వదిన మాత్రం కెగెల్స్‌తోనే, అంటే మూత్రం ఆపుకున్నట్టు కింద బిగించి వదిలే వ్యాయామంతోనే, తను బాగుపడ్డానని, నేనే సరిగ్గా చేయడం లేదని అంటోంది. ఎవరి మాట వినాలి?

మామిడిచెట్టు:
చెల్లీ, నేను మీ వదిన పక్షం. రెండో కాన్పు తర్వాత తుమ్మినా దగ్గినా చీర తడిసేది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. మూడు నెలలు పట్టుగా కెగెల్స్ చేశాను, ఆపరేషన్ దాకా పోకుండా బయటపడ్డాను. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ 1948లో ఈ వ్యాయామాన్ని రాసిందే కాన్పు తర్వాత మూత్రం ఆగని ఆడవాళ్ళ కోసం. ఇన్నేళ్ళుగా నిలబడిన పద్ధతి ఇది. మన దగ్గర ఆడవాళ్ళు అసలు ఈ విషయం నోరెత్తి చెప్పుకోవడమే తక్కువ. ఇప్పుడు "కెగెల్స్ వద్దు" అన్న మాట పాకితే, వాటితో బాగుపడాల్సిన వాళ్ళు కూడా మానేస్తారు. నాకు ఆ భయం ఉంది.

కదలిక:
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. పదకొండేళ్ళుగా ఎక్కువగా ఈ సమస్యలే చూస్తున్నాను. మామిడిచెట్టు గారి భయం నిజమైనదే. కానీ ఆవిడకు ఉన్నదీ, గోదారిగట్టు గారికి ఉన్నదీ ఒకటి కాదు.

రాత్రి నిద్రలో పిక్క పట్టేస్తే మనం ఏం చేస్తాం? కాలు చాపి, బొటనవేలు మనవైపు లాగి పట్టు వదిలిస్తాం. పట్టేసిన పిక్కను ఇంకా బిగించం. పొత్తికడుపు కింద ముందువైపు ఉండే జఘనాస్థి నుంచి వెన్ను చివర తోక ఎముక దాకా ఉయ్యాలలా పరుచుకున్న కండరాలే పెల్విక్ ఫ్లోర్. కాన్పు తర్వాత అవి సాగి బలహీనపడితే కెగెల్స్ పనిచేస్తాయి. అవే కండరాలు రోజంతా బిగుసుకుని ఉంటే, ఇంకా బిగించిన కొద్దీ నొప్పి పెరుగుతుంది.

ఎందుకు బిగుసుకుంటాయంటే, మూత్రసంచి నొప్పి పెట్టినప్పుడల్లా మనకు తెలియకుండానే కింద బిగబట్టుకుంటాం. నెలల తరబడి బిగబడితే కండరంలో ముడుల్లాంటి చోట్లు ఏర్పడతాయి. వేలితో నొక్కితే అక్కడి నొప్పి మూత్రసంచిలోనో, తొడలోనో, మలద్వారం దగ్గరో తెలుస్తుంది. మూత్రసంచికీ ఈ కండరాలకీ వెన్ను అడుగు నుంచి వచ్చే నరాలు దాదాపు ఒకటే, డాక్టర్లు ఎస్2 నుంచి ఎస్4 అని పిలిచేవి. అందుకే ఒకటి రగిలితే రెండోది రగులుతుంది. కండరం పట్టినా సంచి నిండినట్టే అనిపిస్తుంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ ఈ జబ్బుకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, పెల్విక్ ఫ్లోర్ నొక్కితే నొప్పి ఉన్నవాళ్ళకి చేత్తో కండరాన్ని సడలించే ఫిజియోథెరపీ ఇవ్వాలనీ, కెగెల్ లాంటి బలపరిచే వ్యాయామాలు మానాలనీ స్పష్టంగా ఉంది. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఇదే జబ్బు ఉన్న 81 మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఒళ్ళంతా మామూలు మసాజ్, ఇంకో గుంపుకి ఈ కండరాల మీదే పనిచేసే థెరపీ. మొదటి గుంపులో 26 శాతం మందికి, రెండో గుంపులో 59 శాతం మందికి మెరుగైంది. అందరికీ తగ్గలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఉషోదయం:
యోగా నేర్పుతాను, కాబట్టి నేను మాట్లాడాలి. గోదారిగట్టు గారూ, మీకు జరిగినందుకు నిజంగా బాధగా ఉంది. నొప్పి పెరుగుతున్నా ఓర్చుకోమనడం తప్పే. కానీ తప్పు మూలబంధానిది కాదు, నేర్పిన తీరుది. మా గురువుగారు ముడవడం ఎంతసేపో వదలడం దానికి రెట్టింపు అని నేర్పారు. ఇప్పుడు సగం క్లాసుల్లో వదలడం గురించి మాటే ఉండదు. "బిగించండి, పట్టి ఉంచండి" అని లెక్కపెడతారు.

కదలిక:
మీరు చెప్పిన పద్ధతి మంచిదే. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి వదలడమే చేతకాదు. వదిలామనుకుంటారు, చేయి పెట్టి చూస్తే కండరం అలాగే గట్టిగా ఉంటుంది. అలాంటి మనిషికి రెట్టింపు సమయం ఇచ్చినా ప్రయోజనం ఏముంది? మీ క్లాసులో నలభై మంది ఉంటే ఎవరు వదిలారో మీకెలా తెలుస్తుంది?

ఉషోదయం:
తెలియదు. ఒప్పుకుంటున్నాను.

పాలమూరు_బండి:
ఇది ఆడవాళ్ళ చర్చేమో అని రాయాలా వద్దా అనుకున్నాను. నాకు 34. డీసీఎం నడుపుతాను. రోజుకి పది పన్నెండు గంటలు సీట్లోనే. రెండేళ్ళ కింద వృషణాలకీ మలద్వారానికీ మధ్య మంట, మూత్రం సన్నగా రావడం మొదలైంది. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ అని ఒకసారి నాలుగు వారాలు, ఇంకోసారి ఆరు వారాలు మందులు వాడించారు. పరీక్షల్లో ఇన్ఫెక్షన్ ఎక్కడా లేదు. ఫోన్లో వీడియోలు చూసి మగవాళ్ళ కెగెల్స్ అని రోజుకి వందసార్లు చేశాను. పది రోజుల్లో కూర్చోలేని స్థితికి వచ్చాను.

తర్వాత ఒక డాక్టర్ చెప్తే అర్థమైంది, మగవాళ్ళకి కూడా ఈ కండరాలు ఉంటాయి, ఇవి కూడా పట్టేస్తాయి అని. ఇప్పుడు రెండు గంటలకోసారి బండి ఆపి నడుస్తాను. రాత్రి టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి పావుగంట కూర్చుంటా. కెగెల్స్ బంద్. పూర్తిగా తగ్గలేదు, కానీ బండి నడుపుతున్నాను. అన్నలూ, సిగ్గుపడి దాచుకోకండి. నేను ఏడాది దాచి పోగొట్టుకున్నాను.

సూటిమాట:
అందరూ కండరం, వ్యాయామం అంటున్నారు. నాకు కోపం వస్తోంది, క్షమించండి. మా నాన్నగారికి మూత్రంలో రక్తం పడితే ఇన్ఫెక్షన్, వేడి అంటూ ఏడు నెలలు గడిపాం. నొప్పి కూడా లేదు కదా అని అనుకున్నాం. మూత్రసంచి క్యాన్సర్. ఆయన ముప్పై ఏళ్ళు చుట్ట తాగిన మనిషి. ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు. రక్తం ఒక్కసారి కనపడినా, నొప్పి ఉన్నా లేకున్నా, ముందు యూరాలజిస్ట్‌కి చూపించండి. కెగెల్స్ మంచివా కాదా అనే వాదన ఆ తర్వాత.

కదలిక:
సూటిమాట గారు చెప్పింది అందరూ వినండి. ఇంకొన్ని కలుపుతాను. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రం అసలు రాకపోవడం ఉంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్ళు బలహీనపడినా అదే రోజు వెళ్ళాలి, అది వెన్నులో నరాలు నలిగిన గుర్తు కావచ్చు.

టెక్సాస్_ఎండ:
నాకు ఈ జబ్బు తొమ్మిదేళ్ళ నుంచి. ఇక్కడ పెల్విక్ థెరపీ పన్నెండు సిట్టింగులు చేయించుకున్నాను. నాలుగో సిట్టింగ్ దాకా తేడా లేదు, డబ్బు దండగ అనుకున్నాను. తర్వాత మెల్లగా పట్టు వదిలింది. నా అనుభవంలో కెగెల్స్ విషయంలో కదలిక గారి మాటే నిజం. కానీ ఫిజియోతోనే అంతా అయిపోతుందంటే ఒప్పుకోను. నాకు తిండి సగం, ఫిజియో సగం.

చింతపండు, పచ్చిమిర్చి, టమాటా, కాఫీ. మన వంటిల్లు మొత్తం ఇందులోనే ఉంది కదా! అన్నీ ఒకేసారి మానితే బతుకు చప్పబడుతుంది. నేను మూడు వారాలు ఆపి, ఒక్కొక్కటి తిరిగి మొదలుపెట్టి చూశాను. టమాటా నాకేమీ చేయలేదు. కాఫీ, గోంగూర మాత్రం ఆ రాత్రే తెలుస్తాయి. పెరుగన్నం, పెసరపప్పు, సొరకాయ కూర పడతాయి. మా అక్కకి ఇదే జబ్బు, తనకి కాఫీ ఏమీ చేయదు. కాబట్టి ఎవరి జాబితా వాళ్ళదే.

ఇంకో మాట. ఈ జబ్బుకి ఇచ్చే పెంటోసాన్ అనే క్యాప్సూల్ నేను నాలుగేళ్ళు వాడాను. దాన్ని ఎక్కువకాలం వాడినవాళ్ళలో కంటి రెటీనా దెబ్బతింటున్నట్టు 2018లో బయటపడింది, 2020లో అమెరికాలో మందు లేబుల్ మీద హెచ్చరిక చేర్చారు. అది వాడుతున్నవాళ్ళు కంటి డాక్టర్‌తో రెటీనా చూపించుకోండి.

తెల్లకాగితం:
నాకు 23, పెళ్ళి కాలేదు. గోదారిగట్టు అక్కలాంటి నొప్పే నాకూ ఉంది. ఫిజియో లోపల వేలు పెట్టి చూస్తారని చదివాక వెళ్ళడానికి భయమేస్తోంది. అమ్మకి చెప్పలేను. అలా చేయించుకోకుండా దారి లేదా?

కదలిక:
ఉంది తల్లీ. లోపలి పరీక్ష నీ ఇష్టం లేకుండా ఎవరూ చేయకూడదు. ఒప్పుకున్నాక మధ్యలో ఆపమన్నా ఆపాలి. లేడీ ఫిజియో కావాలని ముందే ఫోన్లో అడుగు. పొత్తికడుపు, తొడల లోపలివైపు, పిరుదుల కండరాలు బయటి నుంచి చూసి కూడా చాలా పని చేయొచ్చు. పెళ్ళికానివాళ్ళకి నేను బయటి నుంచే మొదలుపెడతాను.

ఇంట్లో ఇది చెయ్యి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకో. చేయి పొట్ట మీద. ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకుంటే పొట్ట లేస్తుంది, కింది కండరాలు కూడా కిందికి మెత్తగా జారతాయి. ముక్కకూడదు, తొయ్యకూడదు. గాలి వదిలేటప్పుడు కింద బిగించకు. ఐదు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మలబద్ధకం ఉంటే దాన్ని ముందు సరిచేసుకో, నిండిన పేగు ఈ కండరాల్ని నొక్కుతూనే ఉంటుంది. కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకో. బయట బాత్రూముల్లో సీటుకి తగలకుండా గాల్లో వంగి వెళ్తాం కదా, అప్పుడు కండరం వదలదు. టిష్యూ పరిచి కూర్చోవడమే నయం.

మామిడిచెట్టు:
చదివాను అంతా. నా మాట కొంత మార్చుకుంటున్నాను, పూర్తిగా కాదు. నొప్పి లేకుండా దగ్గితే మూత్రం కారేవాళ్ళు కెగెల్స్ మానొద్దు. నొప్పి లేకుండా ఉన్నపళంగా అర్జెంటు వచ్చేవాళ్ళకి కూడా నాలుగైదుసార్లు చకచకా బిగించి వదిలితే ఆ తొందర తగ్గుతుందని మా డాక్టరమ్మ నేర్పింది, నాకు పనిచేసింది. కానీ నొప్పి ఉన్నవాళ్ళకి నేను ఇక సలహా ఇవ్వను. మా ఆడపడుచుకి నెల కింద ఇవే చెప్పాను. ఆ అమ్మాయికి కూర్చుంటే నొప్పి ఉంది. ఇవాళే ఫోన్ చేసి ఆపమంటాను.

కదలిక:
మీ డాక్టరమ్మ చెప్పింది సరైనదే. అయితే పట్టు ఉన్నా కూడా మూత్రం కారొచ్చు. రోజంతా బిగిసి అలిసిపోయిన కండరం దగ్గొచ్చిన క్షణంలో ఇంకా బిగియలేదు. అలాంటివాళ్ళకి ముందు పట్టు వదిలించి, నొప్పి తగ్గాక బలం పెంచుతాం. అందుకే కారుతోందని చెప్పగానే కెగెల్స్ రాయకుండా, ఒకసారి కండరాన్ని చూడమంటాను.

ఉషోదయం:
కదలిక గారూ, క్లాసులో చేరేటప్పుడు నేను ఏం అడగాలో చెప్పండి. రేపటి నుంచే అడుగుతాను.

కదలిక:
మూడు చాలు. పొత్తికడుపులో గానీ కింద గానీ నొప్పి ఉందా? మూత్రం మొదలవడానికి ఆగాల్సి వస్తుందా? కలయికలోగానీ విరేచనానికి వెళ్ళినప్పుడుగానీ నొప్పా? ఒక్కదానికి అవునన్నా మూలబంధం, అశ్వినీ ముద్ర వద్దు. బాలాసనం, తొడల కింద దిండ్లు పెట్టుకుని సుప్త బద్ధ కోణాసనం చేయించండి.

గోదారిగట్టు:
అందరికీ చేతులెత్తి దండం. బిగించే వ్యాయామాలు ఆపి ఇవాళ్టికి పన్నెండు రోజులు. తొడల్లోకి లాగడం తగ్గింది. మూత్రసంచి పోటు అలాగే ఉంది, దానికి డాక్టర్ రాత్రిపూట అమిట్రిప్టిలిన్ చిన్న డోసుతో మొదలుపెట్టారు. పొద్దున మత్తుగా ఉంటోంది, నోరు ఎండుతోంది, వచ్చే వారం వెళ్ళి చెప్తాను.

ఫిజియో చెప్పినట్టు మూడు రోజులు ఎప్పుడు వెళ్ళానో, ఎంత వచ్చిందో కొలిచి రాశాను. ఇంట్లో ఉన్న ఆదివారం ఒక్కోసారి 150 మి.లీ. దాకా ఆగగలిగాను. బడి రోజుల్లో 60, 70 దాటలేదు. ఆ కాగితం చూసుకుంటే ఏడుపొచ్చింది. మా బడిలో స్టాఫ్ బాత్రూమ్ గడియ పడదు. మధ్యలో క్లాసు వదిలి వెళ్ళలేనని పొద్దున్నే నాలుగుసార్లు ముందుజాగ్రత్తగా వెళ్తాను, పాఠం చెబుతూ నిలబడినంతసేపూ కింద బిగబట్టుకునే ఉంటాను. ఇన్నేళ్ళూ అది నొప్పి వల్ల అనుకున్నాను. బోర్డు మీద రాస్తున్నప్పుడు నిన్న గమనించాను, నొప్పి లేనప్పుడు కూడా బిగించే ఉన్నాను. సుద్దముక్క పట్టుకుని అక్కడే ఒకసారి గాలి తీసుకుని వదిలాను. పిల్లలెవరూ గమనించలేదు.

తెల్లకాగితం, నువ్వు ఒంటరిగా వెళ్ళొద్దనుకుంటే ఏ ఊరో నాకు విడిగా రాయి. దగ్గరైతే నేను తోడొస్తాను.

తెల్లకాగితం:
రాస్తాను అక్కా. ఈ రాత్రే.