ఎన్నికల్లో ఓడిపోవడం ఏ. ఎల్. రౌస్‌కు మేలు చేసిందా?

పాతపుస్తకం:
బ్రిటిష్ చరిత్రకారుడు రౌస్ 1931లోనూ 1935లోనూ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లోని పెన్రిన్, ఫాల్మత్ పార్లమెంటు స్థానానికి లేబర్ అభ్యర్థిగా నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. అది ఆయన అదృష్టమే అంటాను. గెలిచి ఉంటే మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండ్ మీద 1950లో అంత గొప్ప పుస్తకం వచ్చేదా? పార్లమెంటులో చేతులెత్తేవాళ్లకు ఎప్పుడూ కొరత లేదు.

తుంగభద్ర:
అదృష్టం ఎవరికి? రౌస్ తండ్రి కార్న్‌వాల్‌లో సెయింట్ ఆస్టెల్ దగ్గర పింగాణీ మట్టి గనుల్లో కార్మికుడు. ఆ ఇంటి పిల్లవాడు స్కాలర్‌షిప్పుతో ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1925లో ఆల్ సోల్స్ కళాశాల ఫెలో అయ్యాడు. ఆ గనుల వాళ్ల తరఫున మాట్లాడవలసినవాడు. 1945లో అదే స్థానంలో లేబర్ గెలిచింది, అప్పుడు ఈయన బరిలోనే లేడు.

పాతపుస్తకం:
1945 గాలి వేరు. 1931లో దేశమంతా కలిపి లేబర్‌కు దక్కినవి 52 స్థానాలు. అప్పుడు మూడో స్థానంలో ఉన్న రౌస్ 1935లో రెండో స్థానానికి వచ్చాడు. పైగా కడుపులో పుండ్లతో చావు అంచుదాకా వెళ్లాడు.

తుంగభద్ర:
నేనడిగింది 1945 గురించి. నిలబడితే గెలిచేవాడా, కాదా?

గోరింట:
షేక్‌స్పియర్ కవితల్లోని అజ్ఞాత స్త్రీ ఎవరో కనిపెట్టానని 1973లో ప్రకటించింది ఈయనేనా?

పాతపుస్తకం:
ఈయనే. పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.

తుంగభద్ర:
ఒప్పుకోనివాళ్లందరినీ ఆయన తిట్టిపోశాడు. అంతకు ముందే మామూలు జనాన్ని మూర్ఖులని రాయడం మొదలుపెట్టాడు. మా అన్నయ్య కూడా ఇంతే. ప్రభుత్వ హాస్టల్‌లో చదివి అధికారి అయ్యాడు. మా పొలం హద్దు తగాదాకు ఒక్క మాట సాయం అడిగితే ఇప్పటికీ ఫోను ఎత్తడు.

పాతపుస్తకం:
మీ పొలం హద్దుకూ కార్న్‌వాల్‌కూ ఏమిటండీ సంబంధం? రౌస్ ఊరిని వదిలేయలేదు. చివరి రోజుల్లో సెయింట్ ఆస్టెల్ దగ్గరే ఉన్నాడు. 1997లో అక్కడే పోయాడు.

తుంగభద్ర:
సెయింట్ ఆస్టెల్ దగ్గరి ట్రెనారెన్‌లో దొరల బంగళా అద్దెకు తీసుకుని ఉన్నాడు. గని కార్మికుల వీధికి తిరిగి రాలేదు.

పాతపుస్తకం:
అయితే పాకలో ఉండాలా? అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. పేద ఇంట్లో పుట్టి చదువుకున్నవాడు జీవితాంతం ఊరికి బాకీపడి ఉండాలి, అంతేగా మీ వాదన? నేనూ అలాంటి ఇంటి నుంచే వచ్చాను. ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి ఎన్నికకూ నా దగ్గరికే చందా చీటీ వస్తుంది. ఇవ్వకపోతే మీరిప్పుడు అన్న మాటలే అంటారు. ఆయన గ్రంథాలయంలో కూర్చుని పనిచేసుకోవడం ద్రోహమెలా అవుతుంది?

తుంగభద్ర:
పనిచేసుకోవడాన్ని ద్రోహమని నేననలేదు. ఓట్లు అడిగినప్పుడు మీవాణ్ణన్నాడు. వేయకపోతే మూర్ఖులన్నాడు. మా అన్నయ్య కనీసం ఓట్లు అడగలేదు.

చెరువుగట్టు:
తుంగభద్ర గారూ, ఆ హద్దు తగాదా సర్వేకు పెట్టారా?