అనంతగిరి విహారానికి పాత కారును నడుపుకునే రావాలా, లారీ మీద తెచ్చుకున్నా సరేనా?

నీలం పద్మిని
సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం మన పాత కార్ల సంఘం కుటుంబాలతో కలిసి అనంతగిరికి వెళ్లాలని కార్యవర్గం అనుకుంటున్న సంగతి మీకు తెలిసిందే. ఉదయం ఏడు గంటలకు హైదరాబాద్ శివారులోని అప్పా కూడలి దగ్గర కలుసుకుని, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ చేరి, కొండ మీద అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని, కొండ కింద ఒక సభ్యుని మామిడితోటలో భోజనాలు చేయాలని ఆలోచన. ఈసారి ఒక కొత్త నియమం ప్రతిపాదనకు వచ్చింది. ప్రతి కారూ అప్పా కూడలి నుంచి తోట వరకు తన చక్రాల మీదే రావాలనీ, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి తెచ్చిన కార్లను తోటలో ప్రదర్శన వరుసలో నిలపకూడదనీ దాని సారాంశం. దయచేసి మీ అభిప్రాయాలు రాయగలరు.

ల్యాండ్‌మాస్టర్ తాత
ఈ నియమం ఎప్పుడో రావలసింది. మోటారు బండ్ల వేగపరిమితిని సడలించిన సందర్భంగా 1896 నవంబరు 14న లండన్ నుంచి బ్రైటన్‌కు బండ్లు నడిపారు. 1905కు ముందు తయారైన బండ్లు నేటికీ ఏటా నవంబరులో దాదాపు 60 మైళ్ల ఆ దూరాన్ని వానలోనూ చలిలోనూ తమంతట తామే నడిచి వెళ్తాయి. దారిలో ఆగినవి ఆగుతాయి, సాయంత్రం నాలుగున్నర లోపు చేరినవాటికి పతకం దక్కుతుంది. నూట ఇరవై ఏళ్లు దాటిన బండ్లు చేయగలిగిన పనిని, 1950లలో బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన నా ల్యాండ్‌మాస్టర్ లాంటి కార్లు వికారాబాద్ దాకా చేయలేవని చెప్పుకోవడం మనకే చిన్నతనం. కదలని కారును చూడాలనుకునేవారు టిక్కెట్టు కొనుక్కుని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే, నిజాంల నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆస్టిన్ అయ్యవారు
తాతగారంటే నాకు గౌరవమే, కానీ వారి కారూ నా కారూ ఒక కోవకు చెందినవి కావు. నాది యుద్ధానికి ముందు నాటి ఆస్టిన్ సెవెన్. ఇంజన్ 747 సీసీలు, బ్రేకులు పనిచేసేది తీగల లాగుడుతో. ఎదుట హఠాత్తుగా బస్సు ఆగితే నేను ఆగగలనో లేదో నాకే నమ్మకం లేదు. ఇంజన్ దారిలో మొరాయిస్తుందన్నది నా బాధ కాదు, వెనక నుంచి వచ్చే టిప్పర్ నా బాధ. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి చిట్లుతాయి. నా బండికి విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవాలి. లారీ అద్దె నా జేబులోంచి ఇచ్చుకుంటున్నప్పుడు సంఘానికి కలిగే నష్టమేమిటో ఎవరైనా వివరించగలరా?

స్టెప్నీ
టిప్పర్ల మాట వాస్తవం. ఆ దారిలో ఆదివారం కూడా వాటికి సెలవు ఉండదు.

కోర్టు రోడ్డు
అసలు ప్రశ్నను అందరూ వదిలేస్తున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూల రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. అలా నమోదైన కారును ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి, ఇంధనం నింపించడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డు మీదికి తేవచ్చు. దైవదర్శనం, మామిడితోట భోజనం వీటిలో దేని కిందికి వస్తాయో కార్యవర్గం చెప్పాలి.

ల్యాండ్‌మాస్టర్ తాత
వకీలు గారూ, నా కారు పాత నంబరు మీదే ఉంది కనుక ఆ సంగతి నాకు వర్తించదు. అయ్యవారు చెప్పిన ఇథనాల్ సాకు మాత్రం వినడానికి బాగుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు బజారులో దొరుకుతున్నాయి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే మార్చుకోవచ్చు. ఎండ వేళ ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపులో అది ఆవిరై ఇంజన్ ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ కప్పి, ఓ పావుగంట నీడలో నిలిపి, మళ్లీ స్టార్ట్ చేయడం మా తరానికి వెన్నతో పెట్టిన విద్య. ఆ పావుగంటలోనే చేవెళ్ల మర్రిచెట్ల కింద నలుగురూ దిగి మాట్లాడుకుంటారు, పిల్లలు బానెట్ లోపల ఏముందో తొంగి చూస్తారు. లారీ మీద వచ్చే కారుకు ఆ యోగం ఎక్కడిది?

కోర్టు రోడ్డు
మీకు వర్తించకపోవచ్చు. వీఏ నంబరు ఉన్న సభ్యులూ మనలో ఉన్నారు. వారి కార్లు లారీ మీద వస్తే రోడ్డు మీద తిరిగినట్టు కాదు కదా, అప్పుడు ఈ నియమమే వారిని ఇబ్బందిలోకి నెట్టినట్టు అవుతుంది. దీనికి సమాధానం రాలేదు.

చోక్ లాగండి
చలికాలం పొద్దున స్టార్ట్ చేయడానికే పావుగంట కాదు, అరగంట.

హెరాల్డ్ చిన్నవాడు
ఈ చర్చలో కలగజేసుకోకూడదని అనుకున్నాను, కానీ మర్రిచెట్ల కింద నలుగురూ దిగి మాట్లాడుకుంటారన్న వాక్యం చదివాక ఊరుకోలేకపోతున్నాను. కిందటేడు నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు మాల్ అనే ఊరు దాటాక నా హెరాల్డ్ కారు ఆగిపోయింది. కారులో మా అమ్మ, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. నా వెనక వచ్చిన ప్రతి కారూ హారన్ కొట్టి, చెయ్యి ఊపి ముందుకు సాగిపోయింది. తడిగుడ్డ కప్పాను, నీడలో నిలిపాను, పెద్దలు చెప్పినవన్నీ చేశాను. తీరా చూస్తే పంపులో ఉండే పొర, అదే డయాఫ్రమ్, చిరిగి ఉంది. పక్క ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే కుర్రవాడు వచ్చి తాత్కాలికంగా సర్దిపెట్టాక మేము సాగర్ చేరేసరికి వంటపాత్రలు కడుగుతున్నారు. పిల్లలు ఆ పూట బిస్కెట్లు తిన్నారు. మా అమ్మ నన్ను ఏమీ అనలేదు కానీ, ఈసారి తాను రానని మొన్ననే చెప్పేసింది. నడుపుకునే రావాలని శాసించేవారే, నడుపుతూ ఆగిపోయినవాణ్ణి దాటుకుని వెళ్లారు. ఆ రోజు అందరికంటే ముందు వెళ్లిన కారు ఎవరిదో నేను చెప్పనవసరం లేదు.

ల్యాండ్‌మాస్టర్ తాత
బాబూ, పిల్లలను ఎక్కించుకుని బయలుదేరేవాడు డయాఫ్రమ్ ఎంత పాతదో ముందురోజే చూసుకోవాలి. నీ అశ్రద్ధకు నలభై మంది ఎండలో నిలబడాలా?

ఆస్టిన్ అయ్యవారు
తాతగారూ, ఆ మాట మీ నోట రావలసింది కాదు. ఆ రోజు నా లారీ వీరి వెనకే వచ్చింది. డ్రైవరు ఆగి, ఆస్టిన్‌ను సాగర్‌లో దింపి తిరిగి వచ్చి హెరాల్డ్‌ను ఎక్కించుకుంటానని అడిగాడు. లారీ ఎక్కి వచ్చిన కారంటే సంఘంలో చులకన అవుతుందని వీరు వద్దన్నారట. ఆ చులకన ఎవరి మాటల వల్ల పుట్టిందో ఆలోచించండి. అటు నేనూ ముందే చేరి, వడ్డించగానే తిని, మూడింటికల్లా వెనుదిరిగాను. వెనక ఎవరైనా ఉన్నారేమోనని నన్ను అడిగినవారు లేరు.

స్టెప్నీ
ఆ రోజు హారన్ కొట్టినవారిలో నేనూ ఉన్నాను. వెనక వచ్చేవాళ్లు ఆగుతారని అందరూ అనుకున్నారు.

అంబాసిడర్ వెనక సీటు
మా వారు ఈ సంఘంలో సభ్యులు, నేను టిఫిన్ డబ్బాలు మోసే సభ్యురాలిని. నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. లారీ, గొట్టాలు, వీఏ నంబరు అంటూ ఎన్ని రాసినా, మీరు పోట్లాడుతున్నది ఎవరి కోసం ఎవరు ఆగాలన్న విషయం మీద. చివరి కారు వచ్చేదాకా విస్తరి వేయకూడదని ఒక్క నియమం పెడితే, లారీ మీద వచ్చినవారూ కాచుకుని కూర్చుంటారు, ముందు వెళ్లినవారూ వెనక్కి తిరిగి చూస్తారు. కార్యవర్గం ఆ నియమం ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు.

ల్యాండ్‌మాస్టర్ తాత
అమ్మా, మీరు అడిగారు కాబట్టి చెబుతాను. నా కారుకు ఉన్నది డైనమో, ఇప్పటి కార్లలో ఉండే ఆల్టర్నేటర్ కాదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగినప్పుడు అది తగినంత కరెంటు ఇవ్వదు, హెడ్‌లైట్లు మసకబారతాయి. నాకు డెబ్బై ఆరేళ్లు. జనవరిలో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. మూడింటికి బయలుదేరకపోతే మన్నెగూడ నుంచి నగరం దాకా ఆ ట్రాఫిక్‌లో నేను చీకట్లో నడపలేను. సాగర్ దారిలో ఆగనిది కూడా అందుకే. ఆగి ఉంటే ఇంటికి చేరేవాణ్ణి కాదు. చివరి కారు నాలుగింటికి వస్తే నేను ఆకలితో వెనుదిరగాలా?

హెరాల్డ్ చిన్నవాడు
మీ కళ్ల సంగతి నాకు తెలియదు తాతగారూ, ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు కదా. చీకట్లో నడపలేకపోతే వచ్చేటప్పుడు మీ కారును అయ్యవారి లారీ మీద ఎక్కించవచ్చు, మీరు నా కారులో రావచ్చు.

ల్యాండ్‌మాస్టర్ తాత
నా కారు లారీ ఎక్కదు.

నీలం పద్మిని
సభ్యుల అభిప్రాయాలు కార్యవర్గానికి చేర్చాను. లారీ మీద వచ్చిన కార్లకు వరుసలో చోటు ఇవ్వాలా వద్దా అన్నది ఓటింగుకు పెడతాం. వరుస చివర ఒక కార్యవర్గ సభ్యుడు కొత్త కారులో పనిముట్లు, తాడు, మంచినీళ్లతో రావాలన్నదానికి అందరూ ఒప్పుకున్నారు. ఆ బాధ్యత ఈసారి నాదే, అందుకని నా పద్మిని కారు ఇంట్లోనే ఉంటుంది. విస్తరి వేళ మాత్రం తేలలేదు.

కోర్టు రోడ్డు
ఆహ్వానపత్రంలో 'విహారం' అని కాకుండా 'వింటేజ్ ర్యాలీ' అని వేయించగలరా?

అంబాసిడర్ వెనక సీటు
పేరు ఏదైనా పెట్టుకోండి. జొన్నరొట్టెలు వేడిగా ఉండాలంటే పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తెలియాలి. పన్నెండున్నరకా, రెండు గంటలకా అన్నది శుక్రవారం లోపు వంటవాళ్లకు చెప్పాలి.