ఉపాధ్యాయుల ఆత్మపరిశీలనకు బొమ్మల పుస్తకాలు: మీ అనుభవాలు చెప్పండి

కొత్త_సమన్వయకర్త: టీచర్ల సమావేశంలో ఒక బొమ్మల పుస్తకం చదివి, ఎవరి బోధన గురించి వారే మాట్లాడుకునేలా చేయాలనుకుంటున్నాను. ఏ పుస్తకం మంచిది? ఎంతసేపు? ప్రధానోపాధ్యాయులను కూర్చోబెట్టవచ్చా?

లెక్కల_టీచరు: లియో లియోనీ ‘ఫిష్ ఈజ్ ఫిష్’ (1970). బయట తిరిగొచ్చిన కప్ప ఆవు గురించి చెబుతుంటే, నీళ్లు దాటి ఎరగని చేప ఊహలో చేప ఒంటికే కొమ్ములూ పొదుగూ వచ్చేస్తాయి. ఆ బొమ్మ చూపించి ఆగండి, ఇంకేమీ చెప్పకండి. మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదని పిల్లలు ఎందుకు పట్టుబడతారో మా వాళ్లందరికీ అక్కడే వెలిగింది. మూడు కంటే నాలుగు పెద్దది కదా!

చుక్కపిల్ల: నా ఓటు పీటర్ రేనాల్డ్స్ ‘ది డాట్’కే (2003). బొమ్మల తరగతిలో వాష్టీ అనే పిల్ల ఏమీ గీయకుండా కూర్చుంటే, టీచరు ఆ ఖాళీ కాగితం మీదికి వంగి ‘మంచు తుఫానులో ధ్రువపు ఎలుగుబంటి’ అంటుంది. ఎంత ఓర్పు!

వెనకబెంచీ: ఓర్పా? అది వెక్కిరింపు. చేతకాక కుమిలిపోతున్న పిల్ల దగ్గర చమత్కారాలా? చిన్నప్పుడు నేను పడ్డాను అలాంటి మాటలు.

చుక్కపిల్ల: వెక్కిరించే మనిషి, ఆ పిల్ల కోపంగా పెట్టిన ఒక్క చుక్క కింద సంతకం పెట్టమంటుందా? దానికి బంగారు చట్రం కట్టించి తన బల్ల పైన వేలాడదీస్తుందా? పుస్తకం చివరిదాకా చదివి మాట్లాడండి.

శిక్షకుడు: ఇద్దరూ ఆగండి. ఉపాధ్యాయ శిక్షణే నా వృత్తి. వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డోనాల్డ్ షోన్ 1983లోనే తేల్చాడు: పని చేస్తూ ఆలోచించడం వేరు, చేశాక ఆలోచించడం వేరు. ఆ టీచరు చేసింది మొదటిది.

వెనకబెంచీ: సిద్ధాంతంతో నా నోరు మూయించకండి. ఆ మాట విన్న పిల్లకు ఎలా ఉంటుందన్నదే నా ప్రశ్న.

అరవైమంది_తరగతి: ఒక్క కాగితం మీదికి వంగే తీరిక ఎవరికుంది? తరగతిలో సంఖ్య తగ్గించమని అడగండి ముందు.

లెక్కల_టీచరు: అది వేరే చర్చ.

అరవైమంది_తరగతి: కాదు, అసలు చర్చ అదే!

నిశ్శబ్దం: పై అధికారిని మాత్రం పిలవకండి. మా దగ్గర ఒకరు పక్కన కూర్చుని అన్నీ రాసుకున్నారు. ఒక టీచరు మనసు విప్పి చెప్పిన మాట ఆమె వార్షిక నివేదికలో లోపంగా తేలింది. ఆ తర్వాత ఏ పుస్తకం తెచ్చినా ‘బొమ్మలు బాగున్నాయి’ అనడం తప్ప ఎవరూ నోరు విప్పలేదు.

వెనకబెంచీ: చట్రం సంగతీ తేలలేదు. ఒక్కరి చుక్కే గోడకెక్కితే, ఆ తరగతిలో మిగతా పిల్లలు ఏమనుకోవాలి?