బయాలజీ, ఎకాలజీ చదవడానికి కాలేజీల లిస్టు ఎలా కుదించుకోవాలి?

మడచెట్టు:
నమస్తే అండీ. వచ్చే ఏడాది డిగ్రీకి అప్లై చేయాలి. బయాలజీలో ఎకాలజీ వైపు వెళ్లాలని ఉంది. ఏ దేశమైనా ఫర్వాలేదు, ఖర్చు కలిసొస్తే చాలు. ర్యాంకింగుల్లో ఎప్పుడూ అవే పేర్లు. వెబ్‌సైట్లు చూస్తే అన్నీ ఒకటే అడవి ఫొటోలు. ఇరవైకి పైగా పేర్లు రాసుకున్నాను, వాటిని ఏడెనిమిదికి తేవాలి. దేన్ని చూసి కొట్టేయాలి? బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, వైల్డ్‌లైఫ్ బయాలజీ అని రకరకాల డిగ్రీలున్నాయి, వాటిలో దేనికి అప్లై చేయాలో కూడా తేలడం లేదు.

గడ్డిభూమి:
ముందు ర్యాంకింగుల్ని పక్కన పెట్టండి. బయాలజీ ర్యాంకుల్లో పేపర్ల సైటేషన్లకు (వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్కకు) బాగా బరువుంటుంది. ఆ సైటేషన్లలో మాలిక్యులర్, మెడికల్ పరిశోధనలదే పెద్ద వాటా. ఎకాలజీ ఎంత బాగా చెబుతారో ఆ అంకె చెప్పదు.

మీరు చూడాల్సింది కోర్సు కేటలాగ్. అందులోనూ మొదటి సంవత్సరం వదిలేయండి. సెల్ బయాలజీ, జెనెటిక్స్, కెమిస్ట్రీ ఎక్కడైనా దాదాపు అవే. రెండు, మూడు సంవత్సరాల్లో ఏమున్నాయో చూడండి: పాపులేషన్ ఎకాలజీ, కమ్యూనిటీ ఎకాలజీ, ఎవల్యూషన్, యానిమల్ బిహేవియర్, ఇంకా ఏదో ఒక జీవుల గుంపును పట్టుకుని చెప్పే కోర్సులు (కీటకాలు, పక్షులు, చేపలు, మొక్కల వర్గీకరణ). ఈ చివరి రకం కోర్సులే ముందుగా మాయమవుతాయి, ఎందుకంటే చెప్పే ప్రొఫెసర్ రిటైరైతే ఆ చోటు తరచూ వేరే రంగానికి పోతుంది. పేరు మాత్రం కేటలాగ్‌లో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి కేటలాగ్‌ను నమ్మి ఊరుకోకుండా గడిచిన మూడేళ్ల టైమ్‌టేబుళ్లు తీసి పోల్చండి. మూడేళ్లలో ఒక్కసారీ జరగని కోర్సు మీ లెక్కలో లేనట్టే.

తర్వాత ఫ్యాకల్టీ పేజీ. నలభైమంది ఉన్న బయాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎకాలజీ, ఎవల్యూషన్ వాళ్లు ముగ్గురే ఉంటే, వాళ్లలో ఒకరు సెలవు మీద వెళ్లిన ఏడాది మీ కోర్సులు ఆగిపోతాయి. ఒక్కోచోట ఎకాలజిస్టులు బయాలజీలో కాకుండా ఫారెస్ట్రీలోనో, వ్యవసాయ విభాగంలోనో, జాగ్రఫీలోనో కూర్చుంటారు. అక్కడ అడగాల్సింది ఒక్కటే: ఆ విభాగం కోర్సులు బయాలజీ విద్యార్థి తీసుకుంటే డిగ్రీకి లెక్కవుతాయా?

డిగ్రీ పేరు గురించి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో నేల, నీరు, గాలి, కాలుష్యం ఎక్కువ, జీవులు తక్కువ. అదే చివర్లో ‘స్టడీస్’ అని ఉంటే సాధారణంగా విధానాలు, చట్టాలు, సమాజం వైపు. వైల్డ్‌లైఫ్ బయాలజీ జంతువుల నిర్వహణకు తీసుకెళ్తుంది. ఉద్యోగానికి దగ్గర, పరిధి ఇరుకు. తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే బయాలజీ, లేదా ఎకాలజీ-ఎవల్యూషన్ అని ఉన్న డిగ్రీయే నా ఓటు. జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ తప్పించుకోవాలని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు వెళ్లేవాళ్లకు తర్వాత అవే అడ్డం పడతాయి.

తుమ్మెద:
పైన చెప్పినదానికి ఫీల్డ్ సంగతి కలుపుతాను, ఫొటోలు మోసం చేసేది అక్కడే.

‘ఫీల్డ్ వర్క్ ఉంది’ అనే మాటకు అర్థం లేదు. ఎన్ని గంటలు, ఎక్కడ అన్నదే ముఖ్యం. వారానికి మూడు గంటల ల్యాబ్ అయితే ప్రయాణానికి గంటన్నర పోతుంది, మిగిలిన సమయంలో క్యాంపస్ లాన్‌లో నాలుగు క్వాడ్రాట్లు (లోపలి మొక్కల్ని లెక్కపెట్టడానికి నేల మీద పెట్టే చదరపు చట్రాలు) పరిచి వస్తారు. ఒక పూట మొత్తం కేటాయించిన కోర్సు మేలు. పది రోజులో రెండు వారాలో ఫీల్డ్ స్టేషన్‌లోనే (అడవిలోనో తీరంలోనో ఉండే పరిశోధన కేంద్రంలో) ఉండి, సొంత ప్రశ్న వేసుకుని, డేటా తీసి, రిపోర్టు రాసే కోర్సు అన్నిటికన్నా మేలు. టీచర్ ఒక్కరికి పదిహేనుమంది దాటితే బయట వెనకవాళ్లకు ఏమీ కనబడదు, వినబడదు.

ఋతువు కూడా చూసుకోవాలి. మంచు పడే ప్రాంతాల్లో సెమిస్టర్లు సెప్టెంబరు నుంచి మే దాకా. మొక్కలు పూసేదీ కీటకాలు ఎగిరేదీ ఎక్కువగా ఆ తర్వాతే. అందుకే చాలా యూనివర్సిటీలు అసలైన ఫీల్డ్ కోర్సుల్ని వేసవిలో పెడతాయి. మిషిగన్ యూనివర్సిటీకి 1909 నుంచి ఉన్న బయలాజికల్ స్టేషన్ ఇలాగే వేసవి కోర్సులకు పేరుపడింది. వేసవి అంటే విడిగా ఫీజు, విడిగా వసతి. స్కాలర్‌షిప్ వేసవికి వర్తిస్తుందో లేదో అప్లై చేసేముందే అడగండి.

సొంత స్టేషనో, దీర్ఘకాలంగా కొలుస్తున్న స్థలమో ఉన్న చోటు వేరు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ పిట్టల మీద 1947 నుంచి అధ్యయనం సాగుతోంది. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకి గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో హెరాన్ దీవి మీద స్టేషన్ ఉంది. వాషింగ్టన్ యూనివర్సిటీకి ఫ్రైడే హార్బర్‌లో సముద్ర ల్యాబులున్నాయి. అయితే స్టేషన్ ఉన్నంత మాత్రాన డిగ్రీ పిల్లల్ని రానిస్తారని కాదు. కిందటేడు ఎంతమంది డిగ్రీ విద్యార్థులు అక్కడికి వెళ్లారని అడిగితే సంగతి తెలిసిపోతుంది.

ఇంకో చిట్కా. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ నడిపే ఇండెక్స్ హెర్బేరియోరమ్ అనే ఉచిత డైరెక్టరీ ఉంది. కాలేజీ పేరు వెతికితే అక్కడ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) ఉందా, ఎన్ని నమూనాలున్నాయి, ఎవరు చూసుకుంటున్నారు అన్నది వస్తుంది. నమూనాలు బోలెడున్నా చూసుకునే మనిషి లేకపోతే ఆ గది తాళం వేసి ఉండవచ్చు.

క్వాడ్రాట్:
స్టాటిస్టిక్స్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఎకాలజీలో చాలామంది చతికిలపడేది అక్కడే.

స్టాటిస్టిక్స్ ఏ సంవత్సరంలో ఉందో చూడండి. రెండో సంవత్సరంలో, ఫీల్డ్ కోర్సుకన్నా ముందు ఉండాలి. ఆఖరి సంవత్సరంలో పెట్టే చోట పిల్లలు ముందు డేటా తెచ్చేసి, తర్వాత ఏం చేయాలో తెలియక కూర్చుంటారు. అప్పటికి కొలతలు తీసిన స్థలాలు మార్చే వీలుండదు. సిలబస్‌లో ఆర్ (స్టాటిస్టిక్స్‌కు వాడే ప్రోగ్రామింగ్ భాష), రిగ్రెషన్, జీఎల్‌ఎమ్ (జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్), వీలైతే మిక్స్‌డ్ మోడల్స్ ఉండాలి. రెండు గుంపుల సగటుల్ని పోల్చే టీ-టెస్టుతో ఆగిపోతే చాలదు.

ఒక చిన్న పరీక్ష. కాలిన గడ్డిమైదానం ఒకటి, కాలనిది ఒకటి. ఒక్కోదాంట్లో పది క్వాడ్రాట్లు వేసి మొక్కల రకాలు లెక్కపెట్టారు. శాంపిల్ ఎంత? పది పది అనిపిస్తుంది. కానీ కాలిన స్థలం ఒక్కటే, కాలనిదీ ఒక్కటే. ఆ తేడా నిప్పు వల్ల వచ్చిందో, నేల వల్లో, వాలు వల్లో చెప్పలేం. ఇలా ఒకే స్థలంలోని కొలతల్ని విడివిడి శాంపిళ్లుగా లెక్కెయ్యడాన్నే సూడోరెప్లికేషన్ అంటారు. హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు 1984లో దీనిమీద రాసిన పేపర్ ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తారు. ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టో పోస్టరో నెట్‌లో దొరికితే, స్థలాలు ఎన్ని, ఒక్కో స్థలంలో కొలతలు ఎన్ని అన్న తేడా రాశారా చూడండి. రాయకపోతే నేర్పడం లేదన్నమాట.

మడచెట్టు:
చాలా ఉపయోగపడింది, థ్యాంక్స్ అండీ. ఇంకొక్కటి. పేరున్న ఎకాలజిస్టులున్న పెద్ద యూనివర్సిటీ ఒకటి, పీహెచ్‌డీ లేని చిన్న కాలేజీ ఒకటి లిస్టులో మిగిలాయి. పెద్దదే మంచిదా?

గడ్డిభూమి:
అలా చెప్పలేం. పేరున్నవాళ్లు డిగ్రీ క్లాసులు చెబుతున్నారా అన్నది టైమ్‌టేబుల్‌లోనే తెలుస్తుంది. ఆ ల్యాబుల పేపర్లు నాలుగైదు తెరిచి చివర్లో కృతజ్ఞతల పేరా చదవండి. డిగ్రీ విద్యార్థుల్ని ఫీల్డ్ సహాయకులుగా తలుచుకుంటారు, ఒక్కోసారి రచయితల్లోనే చేరుస్తారు. ఎక్కడా డిగ్రీవాళ్ల ఊసే లేకపోతే పని మొత్తం పీహెచ్‌డీ వాళ్లదే. చిన్న కాలేజీలో ప్రొఫెసర్‌కు సాయం కావాలంటే మీరే గతి, అది మీకు లాభం. కానీ పరికరాలు, కోర్సుల సంఖ్య తక్కువ.

తుమ్మెద:
రెండుచోట్లా డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కు ఈమెయిల్ రాయండి. ప్రొఫెసర్ల కన్నా వాళ్లే త్వరగా జవాబిస్తారు. పది లైన్లు దాటొద్దు, మూడే ప్రశ్నలు: ఆఖరి ఏడాది థీసిస్ ఎంతమంది చేస్తారు, ఫీల్డ్ ప్రయాణ ఖర్చు ఎవరిది, వేసవిలో పరిశోధనకు విదేశీ విద్యార్థికి డబ్బు ఇస్తారా. మూడోది వదలొద్దు. అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) నిధులతో నడిచే ఆర్‌ఈయూ (డిగ్రీ విద్యార్థులకు పరిశోధన అనుభవమిచ్చే పథకం) వేసవి సీట్లు దాదాపుగా అక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. కాలేజీకి సొంత నిధి లేకపోతే విదేశీ విద్యార్థికి మూడు వేసవులూ ఖాళీ.

యూకే కూడా చూస్తుంటే యూకాస్‌లో (అక్కడి యూనివర్సిటీలకు ఉమ్మడిగా అప్లై చేసే సంస్థ) ఐదు కోర్సులకే అవకాశం, వాటన్నిటికీ కలిపి ఒకే పర్సనల్ స్టేట్‌మెంట్ (ఆ సబ్జెక్టు ఎందుకో మీరు రాసిచ్చేది). బయాలజీ రెండు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మూడు అని కలిపితే ఆ స్టేట్‌మెంట్ రెంటికీ అతకదు. ఏదో ఒక దారి తేల్చుకున్నాకే ఆ ఐదూ నింపండి.